వెదురు డిపో గదిలో మెరుపు

సారపాక దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న వెదురు డిపో గది పేరు, పొద్దుగూకాక ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. కాంట్రాక్టరు డిపో ఎత్తేసి పోయాక సగం కప్పు కూలిన ఒంటిగది అది. కూలీలు కాపురమున్న రోజుల్లో రూప్లి అనే తండా పడుచు చలిజ్వరమొచ్చి అందులోనే పోయింది. ఆమే తిరుగుతోందని జనం మాట.

మామూలు దెయ్యమైతే మనవాళ్లు రెండు నిమ్మకాయలు కోసి ఊరుకునేవాళ్లే. దీని తీరే వేరు. ముందు లోపల ఎవరో గుసగుసగా మాట్లాడతారు... కాసేపు ఏమీ ఉండదు... ఉన్నట్టుండి గదంతా తెల్లగా మెరుస్తుంది! ఆ వెంటనే చంటిపిల్ల గుక్కపట్టినట్టు సన్నగా, కీచుమని ఏడుపు.

టీ కొట్టు నాగక్క ఆ ఏడుపు చెవులారా విన్నానని ఒట్టు పెట్టేది. ఆవిడ ఒట్ల సంగతి అందరికీ తెలుసు. అయినా నమ్మాం.

అసలు సంగతి నాకు ఫొటోగ్రాఫర్ రామ్‌చందర్ చెప్పాడు. ఆయనదో తిక్క. ఫొటోకొచ్చిన మనిషిని "నవ్వండి" అని ఏనాడూ అనలేదు. స్టూలు మీద కూచోబెట్టి పిల్లల గురించో, చచ్చిపోయిన ఎద్దు గురించో మాట కదిపేవాడు. ఆ మనిషి కెమెరాను మరిచిపోయి, మొహంలోకి మనసు వచ్చిందాకా వేలు కదిలేది కాదు. ఈయన ఒక్క ఫొటో తీసేలోగా పక్క స్టూడియోవాడు పెళ్లి మొత్తం తీసేసేవాడు.

ఎనభై ఆరు, మాఘమాసం. తండాలో పెళ్లి ఫొటోలు తీసి, సైకిల్ మీద ఒక్కడే తిరిగొస్తున్నాడు. డిపో గది దగ్గరికొచ్చేసరికి చిమ్మచీకటి.

లోపల మాటలు... మగగొంతు.

"మన పిల్ల బాలికి పన్నూడింది... నీ లెక్కనే అలుగుతది. అన్నం తినదు..."

తర్వాత ఏమీ లేదు. చెట్టు మీద ఆకు కూడా కదలడం లేదు.

మెరుపు!

రామ్‌చందర్ సైకిల్ దిగలేదు, తొక్కలేదు. ఒంటికాలు నేలకానించి ఆగిపోయాడు. అప్పుడు మొదలైంది ఏడుపు— సన్నగా, పైపైకి పోతూ...

ఆ ఏడుపు ఆయనకు తెలుసు. రోజూ తన చేతుల్లో వినేదే. ఒకసారి వెలిగిన ఫ్లాష్ గన్ మళ్లీ చార్జి ఎక్కేటప్పుడు చేసే చప్పుడది.

"ఎవరది?" అన్నాడు. సైకిల్ గోడకానించి లోపలికి తొంగిచూశాడు.

బుడ్డీ దీపం పక్కన గడ్డం మాసిన మనిషి. చేతిలో పాత కెమెరా. ఎదురుగా గోడ... గోడ ముందు ఖాళీ స్టూలు.

"ఫొటో అన్నా... నేను, హాతీరాంను."

రూప్లి మొగుడు! డిపో నడిచిన రోజుల్లో కూలీల కార్డుల కోసం ఫొటోలు తియ్యడానికి రామ్‌చందర్ ఇక్కడికే వచ్చాడు. ఆ గోడ ముందే స్టూలు వేశాడు. కూలీలవి అయిపోయాక, నాకూ ఒకటి తియ్యమంటూ రూప్లి ముచ్చటపడి కూచుంది కూడా. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని హాతీరామే రెక్క పట్టి లేపేశాడు. ఆ వానాకాలమే ఆమె పోయింది.

"ఇదేంది హాతీరాం? గీ చీకట్ల..."

"నువ్వే గదా చెప్పినవ్ గప్పుడు. ముచ్చట పెడితే మొకంలకు మనసొస్తది, గప్పుడు నొక్కాలెనని. గట్లనే జేస్తున్న. ఎద్దులమ్మి ఈ కెమెరా కొన్న." రుమాలు మూట విప్పి ఫొటోలు చూపించాడు. అన్నిట్లోనూ అదే గోడ, అదే స్టూలు. "గోడనే వస్తున్నదన్నా. యాడ తప్పు జేస్తున్న?"

రామ్‌చందర్ గొంతు తగ్గించాడు. "ఆమె లేదు గదా, తమ్మీ."

"అవ్, ఎరుకే. నేను పిచ్చోణ్ని గాదు." హాతీరాం స్టూలు వైపే చూస్తున్నాడు. "దాని మొకం యాదికొస్తలేదన్నా. కండ్లు మూస్కుంటే మెడల పైసల దండ అగుపిస్తది. చేతుల గాజులు అగుపిస్తయి. మొకం కాడ ఏం లేదు. అమ్మ ఎట్లుంటుండె అని పిల్ల అడుగుతది. ఏమని చెప్పాలె?"

ఈ మాట నాకు చెబుతూ రామ్‌చందర్ కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వు తియ్యన్నా. నీ చేతికైతే వస్తది. ఒక్కటే..."

కాదనలేక తన కెమెరా భుజం మీంచి తీశాడు. హాతీరాం స్టూలు పక్కన గొంతుక్కూచున్నాడు.

"రూప్లీ... ఫొటో అన్న వచ్చిండు. గిప్పుడు నేను లేపను. కూసో..."

రామ్‌చందర్ కెమెరాలోంచి స్టూలును చూశాడు. ఎవరూ లేరు. ఎంతసేపు చూసినా లేరు. కళ్లు పక్కకు తిప్పాడు... హాతీరాం మొహం కనిపించింది. జన్మంతా ఏ మొహం కోసం జనాన్ని కూచోబెట్టి మాట్లాడించాడో, ఆ మొహం! కెమెరా అటు తిప్పి నొక్కేశాడు. హాతీరాం రెప్ప కూడా వెయ్యలేదు.

"కడిగి తెస్త" అని చెప్పి వచ్చేశాడట. నాకు ఒళ్లు మండింది. లేని ఆశ ఎందుకు పెట్టావయ్యా అని అడిగేశాను.

"మరేం చెప్పాలె, నువ్వే చెప్పు" అన్నాడు.

ఫొటో కడిగాడు. అంత మంచి ఫొటో తన చేతిమీద మళ్లీ రాలేదట. దాన్ని పట్టుకుని పట్టపగలు తండాకి వెళ్లాడు. హాతీరాం చేతులు తుడుచుకుని ఫొటో అందుకున్నాడు. గడపలోకొచ్చి, ఎండలో పెట్టి, చాలాసేపు చూశాడు.

"ఈ ముసలాయన ఎవరన్నా?"

హాతీరాంకి అప్పటికి నలభై కూడా లేవు.

"ఎట్ల జూస్తున్నడో జూడు... ఈయనకు రూప్లి అగుపిస్తున్నది!" హాతీరాం ఫొటోలోని కళ్ల మీద వేలు పెట్టాడు. "ఈయన యాడుంటడో చెప్పన్నా. పోయి అడుగుత... దాని మొకం ఎట్లున్నదో."