తీగ చుట్టిన చేయి

మధ్యాహ్నం మొదలైన వాన తెరిపివ్వలేదు. షెడ్డు రేకుల మీద ఒకటే మోత. మేస్త్రి తన బావ కారు డాష్‌బోర్డులోంచి స్టీరియోను బయటికి లాగి, దాని వెనకున్న చిన్న ఫ్యూజు తీసి వెలుతురులో పట్టి చూశాడు. లోపలి సన్నటి తీగ తెగిపోయి ఉంది.

"మూడోది," అన్నాడు.

"ఇంకా ఫ్యూజులేమిటోయ్ బావమరిదీ, ఓ తీగ చుట్టెయ్," అన్నాడు బావ, గుమ్మంలో నిలబడి గొడుగు దులుపుతూ. "సాయంత్రానికి అమ్మాయి వాళ్లింటికి చేరాలి. పాట లేకపోతే బండి నడుపుతూనే కునుకు తీస్తాను. మీ అక్క కబుర్లు మొదలెడితే ఇంకా ముందే తీస్తాను."

ప్రయాణానికి సిద్ధమై, బెల్టు కూడా పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్న అక్క మూతి తిప్పింది. "పెళ్లయిన ముప్ఫయ్యేళ్లకి తెలిసిందా నా కబుర్ల సంగతి?"

మేస్త్రి నవ్వలేదు. "ఫ్యూజు ఉన్నదే తెగడానికి బావా. అది తెగితే బండి మిగులుతుంది. దాని చోట తీగ చుడితే తీగ తెగదు, బండి కాలుతుంది. నా చేత్తో ఆ పని చెయ్యను."

ఈ మాట అతను పదకొండేళ్లుగా షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు. మంచి మాటే. అయితే చేసిన తప్పు కడుపులో దాచుకుని చెప్పే నీతికి విలువ ఎంత? ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసే ఊరుకున్నాడు.

బ్యాటరీ దగ్గర మీటరు పెట్టాడు. పన్నెండు వోల్టులు. సరిగ్గానే ఉంది. మరి ఎక్కడో తీగ రాసుకుని, పైతొడుగు చిరిగి, ఇనుముకి తగులుతూ ఉండాలి. ముందు సీటు కింద వెల్లకిలా పడుకుని, టార్చి నోట కరుచుకుని, స్టీరియో తీగ వెంబడే చేత్తో తడుముకుంటూ పోయాడు.

వేలికి ఒక ముడి తగిలింది.

వెచ్చగా ఉంది.

తీగ మధ్యలో ఫ్యూజు పెట్టే డబ్బీని కోసేసి, దాని చోట రాగితీగ చుట్టి, పైన నల్ల టేపు వేశారు. టేపు చివర వెనక్కి మడిచి ఉంది, రేపు ఊడదీయడానికి తేలిగ్గా ఉంటుందని. అలా మడిచే మేస్త్రిని అతను ఇంకొకణ్ణి చూడలేదు. అది తన చేతి పని.

కానీ ఈ కారు తయారై నాలుగేళ్లే. దీన్ని తను ఇవాళే మొదటిసారి చూడటం.

టార్చి నోట్లోంచి జారింది.

పదకొండేళ్ల కింద ఒకాయన తొందరపెడితే, "రేపు రండి, ఫ్యూజు వేస్తాను" అని సరిగ్గా ఇలాంటి ముడే వేశాడు. ఆయన రాలేదు. మూడోనాడు పాత సామాను దుకాణంలో ఆ కారు కాలిపోయి అస్థిపంజరంలా కనిపించింది. ఆయన అందులోనే పోయాడన్నారు. ఎవరూ ఇతన్ని అడగలేదు. ఇతనూ నోరు విప్పలేదు.

"తమ్ముడూ…" అక్క గొంతు చాలా మెల్లగా వచ్చింది. "ఇక్కడ దగ్గింది ఎవర్రా?"

"బావేమో."

"మీ బావ బయట ఉన్నారు. నా పక్కనే… ఎవరో…"

మాడిన ప్లాస్టిక్ వాసన. పొగ మాత్రం లేదు. మేస్త్రి పరుగున పోయి బ్యాటరీ తీగ ఊడదీశాడు. వాసన తగ్గలేదు. వెనక తలుపు తెరిచాడు. అక్క ముఖం చెమటతో తడిసిపోయింది. రెండు చేతులతో బెల్టు మీట నొక్కుతోంది.

"ఊడటం లేదురా… బిగుస్తోంది…"

కత్తి తెచ్చాడు. కోశాడు. పట్టీ మీద గీత కూడా పడలేదు. మళ్లీ కోశాడు. అక్క పెదాలు నీలం తిరుగుతున్నాయి. బావ గొడుగు పారేసి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి లాగారు.

మళ్లీ దగ్గు. ఈసారి ముగ్గురూ విన్నారు.

మేస్త్రి కత్తి వదిలేశాడు. ఖాళీగా ఉన్న డ్రైవరు సీటు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"తీగ చుట్టింది నేనే," అన్నాడు గుసగుసగా. "తప్పు మీది కాదు, నాది. నోరు మూసుకుని బతికాను. రేపే మీ ఇంటికి పోయి మీవాళ్లకి చెబుతాను. మా అక్కని వదిలెయ్యండి."

టక్.

బెల్టు వదులైంది. అక్కని ఇద్దరూ ఎత్తుకుని షెడ్డు బయటికి తెచ్చారు. వానలో ఆమె గుండెల నిండా గాలి పీల్చింది.

"ఎవరికి చెప్పావురా అదంతా?" అడిగాడు బావ. "ఎంతమంది పోయారు అందులో?"

"ఒక్కడే బావా. ఆయన ఒక్కడే ఉన్నాడన్నారు. అందరూ అదే అన్నారు."

కారు తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఎవరు మూశారో ముగ్గురిలో ఒక్కరికీ గుర్తులేదు.

డ్రైవరు పక్క అద్దం మీద, లోపలి నుంచి, అరచేతి మేర ఆవిరి పట్టింది. కరిగింది. మళ్లీ పట్టింది. నిదానంగా, ఊపిరి తీసి వదిలినట్టు.

మేస్త్రి తల దించుకున్నాడు. అక్క అతని చేయి పట్టుకుంది. ఆమె చూపు ఆ అద్దం మీద లేదు.

వెనక అద్దం మీద, బాగా కింద, పసివాళ్లు సీటు మీద నిలబడితే నోరు అందే ఎత్తులో, ఇంకో మచ్చ. రూపాయి బిళ్లంత.

అది త్వరత్వరగా పడుతోంది… కరుగుతోంది… పడుతోంది…