నిద్రపోని కారు

"ఇది మూడోది," అన్నాడు బాలు, బ్యాటరీని కౌంటర్ మీద ధబ్బుమని దించి. "ఎనిమిది నెలల్లో మూడోది. అసలు మీరు అమ్మేది బ్యాటరీలా, కర్పూరం బిళ్ళలా?"

క్రిస్టీనా తలెత్తలేదు. మీటరు తీగలు రెండూ టెర్మినళ్ళకి ఆనించి అంకె చూసింది. తొమ్మిదిన్నర వోల్టులు. ప్రాణం పోయినట్టే.

"కర్పూరమైతే ఏమీ మిగలదండి. ఇది మిగిలింది కదా, మోసుకొచ్చారు."

"పద్నాలుగు కేజీలు. మూడుసార్లు."

చిలకలూరిపేటలో హైవే పక్కన 'ఇమ్మానియేలు బ్యాటరీస్' తెరిచి ఇరవై రెండేళ్ళు. రెండేళ్ళ కిందట తండ్రికి చేతులు వణకడం మొదలయ్యాక క్రిస్టీనా ఆ కుర్చీలో కూర్చుంది. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఆమె భుజం మీదుగా లోపలికి చూసి "ఎవరూ లేరా?" అని అడిగేవాళ్ళు. "నేనున్నాను," అనేది. మొదట్లో ఆ గొంతు అరువు తెచ్చుకున్నట్టుండేది. రోజూ వాడగా వాడగా అదే ఆమె గొంతైపోయింది.

బాలు మాత్రం ఆ మాట ఎప్పుడూ అడగలేదు. మొదటి బ్యాటరీ పోయిన రోజే నేరుగా ఆమెతోనే పోట్లాడాడు. ఆ సంగతి ఆమె మనసులో ఎక్కడో నమోదైంది. పైకి తేలనివ్వలేదు.

"ఈసారి ఊరుకోలేదు," అన్నాడు బాలు. "మా ఊరి రైతుల వాట్సాప్ గ్రూపులో వాయిస్ పెట్టేశా. ఈ షాపులో ఎవరూ బ్యాటరీ కొనొద్దని."

ఆమె చేతిలో మీటరు ఆగింది. "ఎప్పుడు?"

"పొద్దున్నే."

పొద్దున వస్తామన్న రెండు ట్రాక్టర్లు ఎందుకు రాలేదో ఇప్పుడర్థమైంది. శుక్రవారం కంపెనీ మేనేజరు వస్తున్నాడు. ఒకే షాపు నుంచి ఒకే బండికి మూడో బ్యాటరీ పోయిందంటే, సరుకు సరిగ్గా దాచలేదని రాసి డీలర్‌షిప్ తీసేస్తారు. బోర్డు మీద తండ్రి పేరు చెరిగిపోతుంది. మధ్యలో ఉన్నది మూడు రోజులు.

"మీ కారు చూడాలి," అంది.

"తేవాలంటే స్టార్ట్ అవ్వాలిగా."

"నేనే వస్తాను. కొత్త బ్యాటరీ నేనే తెచ్చి పెడతా. మీ ఇంట్లో, మీ కళ్ళముందే తేలుస్తా. తప్పు బ్యాటరీదైతే షాపు ముందు 'ఇక్కడ కొనొద్దు' అని నేనే బోర్డు పెడతాను. కాకపోతే మీరు అదే గ్రూపులో, అదే గొంతుతో చెప్పాలి."

బాలు ఆమె వంక కాసేపు చూశాడు. పోట్లాటకని దారంతా కూడబెట్టుకున్న కోపం ఎక్కడో జారిపోయినట్టుంది. "అంత నమ్మకమా మీకు?"

"నమ్మకం లేకపోతే షట్టర్ దించుకుని ఇంట్లో కూర్చునేదాన్ని."

* * *

మర్నాడు మధ్యాహ్నం పర్చూరు దారిలో ఉన్న వాళ్ళ ఊరికి స్కూటీ మీద వెళ్ళింది, బ్యాటరీ కాళ్ళ మధ్య పెట్టుకుని. ఇంటి పక్క కల్లం నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకి గేటు దగ్గరే రెండుసార్లు తుమ్మింది.

"దారి చెప్పక్కర్లేదు మా ఇంటికి," అన్నాడు బాలు. "తుమ్ములు ఎక్కువైన చోట ఆగడమే."

ఎనిమిది నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న తెల్లకారు పోర్టికోలో ఉంది. దాని నెత్తిన దూలం నుంచి దిష్టి గుమ్మడికాయ వేలాడుతోంది, ఎర్రగుడ్డలో మూటగట్టి. వారానికి రెండుసార్లు గుంటూరు మిర్చి యార్డుకి తప్ప కారు బయటికి తీయరట.

బాలు తల్లి కోటేశ్వరి టీ తెచ్చింది. కొడుక్కి స్టీలు గ్లాసు. క్రిస్టీనాకి పేపరు గ్లాసు.

క్రిస్టీనా అందుకుంది. ఇలాంటివి చూసీ చూడనట్టు దాటేయడం ఆమెకి చిన్నప్పుడే వచ్చిన విద్య. బాలు రెండు గ్లాసుల వంకా చూశాడు. లోపలికి వెళ్ళి ఇంకో పేపరు గ్లాసు తెచ్చుకుని తన టీ అందులో వంపుకున్నాడు.

"గ్లాసు కాలుతోందమ్మా," అన్నాడు.

పేపరు గ్లాసు ఇంకా ఎక్కువ కాలుతుంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. కోటేశ్వరి ఖాళీ స్టీలు గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

క్రిస్టీనా పనిలో పడింది. బ్యాటరీ బిగించింది, కారులోని కెమెరా, ఫోను చార్జరు పీకేసింది, కారు లాక్ చేయించింది. బ్యాటరీ తీగని పటకారులా పట్టుకునే మీటరుని బానెట్ సందులోంచి బయటికి కనబడేలా వేలాడదీసింది.

"ఇప్పుడు కూర్చోవాలి," అంది.

"ఎందుకు?"

"ఇప్పటి కార్లు ఆపగానే పడుకోవు. లోపల చిన్న చిన్న కంప్యూటర్లుంటాయి. ఒక్కొక్కటే సర్దుకుని నిద్రపోవాలి. ముప్పావుగంట పట్టొచ్చు. అందాకా ఎవరూ తలుపు తీయకూడదు."

"పసిపిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు."

"అంతే. నిద్రపోయాక కూడా కరెంటు తాగుతోందంటే లోపల దొంగ ఉన్నట్టు."

అరుగు మీద చెరో చివరా కూర్చున్నారు. మధ్యలో ఇద్దరు పట్టేంత చోటు.

అరగంట గడిచింది. కోటేశ్వరి వచ్చి కొడుకు దగ్గర తాళం అడిగి, కారు తలుపు తీసి గొడుగు తీసుకుంది. "మబ్బు పట్టేలా ఉందిరా," అంటూ తాళం వంటింటి గోడకి తగిలించడానికి లోపలికి వెళ్ళింది.

బాలు నోరు తెరిచే లోపే అంతా అయిపోయింది. మీటరు మళ్ళీ పైకెగిరింది.

"పిల్లాడు లేచాడు," అన్నాడు.

క్రిస్టీనాకి నవ్వొచ్చింది. ఆపుకోవాలనుకుంది గానీ ఆగలేదు. రెండోసారి మొదలుపెట్టారు.

"మీరెప్పుడూ ఇంత గట్టిగానే మాట్లాడతారా?" అడిగాడు బాలు.

"మెల్లగా మాట్లాడితే 'ఎవరూ లేరా' అంటారు."

"నేను అనలేదే."

"తెలుసు."

ఆ ఒక్క మాట అనుకున్నదానికన్నా మెత్తగా వచ్చింది. చటుక్కున మీటరు వంక తిరిగింది. పాయింట్ మూడు అయిదు ఆంపియర్లు. తాళం వంటింట్లో ఉంది, తలుపు ఎవరూ ముట్టలేదు. యాభై నిమిషాలైనా అంకె దిగడం లేదు.

"మీకు భయం వేయట్లేదా?" అన్నాడు బాలు. ఎగతాళి లేదు ఆ గొంతులో.

"వేస్తోంది," అంది క్రిస్టీనా.

అన్నాక ఆశ్చర్యపోయింది. రెండేళ్ళలో ఈ మాట తండ్రితో కూడా అనలేదు. అనేశాక ధైర్యం తగ్గలేదు సరికదా, మనసు బరువు దించుకున్న భుజంలా తేలికైంది.

అప్పుడు లేచింది గాలి.

కోటప్పకొండ వైపు నుంచి నల్లగా వచ్చింది మబ్బు. పోర్టికోలో గుమ్మడికాయ గడియారం లోలకంలా ఊగింది. "కాయలు, బాలూ, పట్టాలు తియ్యి," అని కోటేశ్వరి కేక వినబడేసరికి బాలు గోడ దూకాడు. క్రిస్టీనా చున్నీ నడుముకి బిగించి వెనకే పరిగెత్తింది. ఆమెని ఎవరూ పిలవలేదు. ఒక పంట రోజుల తరబడి ఎండి, ఇంకో నిమిషంలో తడవబోతుంటే పిలుపు కోసం ఎవరు చూస్తారు?

బాలు పారతో ఎగదోస్తుంటే ఆమె చేతులతోనే కుప్ప చేసింది. కోటేశ్వరి ఇంట్లో ఏదో పెట్టేసి, నెత్తిన కొంగుతో వచ్చి టార్పాలిన్ పట్టా రెండో కొస అందుకుంది. చివరి రాయి బరువు పెట్టేసరికి చినుకులు వానయ్యాయి. ముగ్గురూ కల్లం పక్కన రేకుల కింద దూరారు.

క్రిస్టీనా మొహం మీద నీళ్ళు తుడుచుకుంది, అదే చేత్తో.

"అయ్యో, కళ్ళు ముట్టుకోకండి."

"ముట్టుకున్నా," అంది, కళ్ళు గట్టిగా మూసుకుని.

బాలు నవ్వును దిగమింగుకుంటూ డ్రమ్ములోంచి చెంబుతో నీళ్ళు పోశాడు. ఆమె దోసిలి పట్టి కడుక్కుంది. మూడో చెంబుకి కళ్ళు తెరిస్తే అన్నిటికన్నా ముందు అతని మొహమే కనబడింది, మసగ్గా, ఎర్రగా, చాలా దగ్గరగా. మంట తగ్గిందా అని అడిగాడు. ఇంకా ఉందంది. తగ్గిందనే అనొచ్చు నిజానికి.

కోటేశ్వరి వాన వంక చూస్తూ నిలబడింది. అయినా అన్నీ ఆమెకి కనబడుతూనే ఉన్నాయి.

* * *

ముప్పావుగంటకి వాన వెలిసింది. పోర్టికోలోకి వస్తూనే క్రిస్టీనా ఆగిపోయింది. మీటరు మీద పాయింట్ సున్నా రెండు.

"నిద్రపోయింది," అంది గుసగుసగా.

బాలు కూడా గొంతు తగ్గించాడు. "మనం లేకపోతేనే పడుకుంటుందా?"

"కాదు. ఏదో మారింది ఇక్కడ."

చుట్టూ చూసింది. నేల, గోడ, దూలం. దూలానికి ఖాళీ కొక్కెం.

"ఇక్కడ గుమ్మడికాయ ఉండాలి కదా?"

"అద్దం మీద పడుతుందేమోనని దించి దేవుడి గదిలో పెట్టా," అంది కోటేశ్వరి.

"ఆ గుడ్డలో కాయ ఒక్కటేనా ఆంటీ?"

కోటేశ్వరి కొంగు పిండుకుంది. పిండినదాన్నే మళ్ళీ పిండింది. "కారు పూజ నాడు తాళాలు రెండూ కాయ ముందు పెట్టాం. ఒకటి వీడు తీసుకున్నాడు. రెండోది కాయతో కలిపి కట్టా. దిష్టేదో దానికే తగిలి పోతుందని."

"అమ్మా, ఆ తాళం కోసం నేను బీరువాలన్నీ బోర్లించా. నువ్వు కూడా వెతికావు నాతో."

"చెబితే విప్పమంటావని."

క్రిస్టీనా మూట తెప్పించి కారుకి దగ్గరగా పట్టుకుంది. అంకె గబగబా ఎక్కి పాయింట్ మూడు అయిదు దగ్గర నిలబడింది. మూట మళ్ళీ ఇంట్లో పెట్టించి కొంతసేపు ఆగితే దిగింది.

"ఇదీ దొంగ," అంది. "ఈ రిమోట్ తాళం దగ్గర్లో ఉంటే మనిషి వస్తున్నాడేమోనని కారు లేచి కూర్చుంటుంది. దీనికి మూరెడు దూరంలో ఎనిమిది నెలలుగా తాళం ఊగుతోంది. వస్తున్నాడేమో, వస్తున్నాడేమో అని రాత్రీ పగలూ మేలుకోవడమే. అలా ఎదురుచూస్తే ఏ బ్యాటరీ అయినా ఎన్నాళ్ళుంటుంది?"

చివరి మాట దగ్గర ఆమెకి తన గొంతు తనకే వినబడింది. ఈ మధ్య హైవే మీద తెల్లకారు కనబడితే చాలు, కౌంటర్ మీద చెయ్యి దానంతటదే ఆగిపోవడం గుర్తొచ్చింది.

బాలు ఫోను తీశాడు. "నేను బాలుని. నిన్న పేట బ్యాటరీ షాపు గురించి నేను పెట్టింది తప్పు. తప్పు షాపుదీ కాదు, బ్యాటరీదీ కాదు. మా ఇంటి గుమ్మడికాయది. కొత్త కార్లున్నవాళ్ళు తాళాలు బండికి దూరంగా పెట్టుకోండి. బ్యాటరీలు ఆ షాపులోనే కొనండి."

"నా పేరు చెప్పకురా," అంది కోటేశ్వరి.

"నీ పేరు చెప్పలేదమ్మా," అన్నాడు బాలు. అప్పుడు వాయిస్ బటన్ మీంచి వేలు తీశాడు. ఆ ముక్కతో సహా గ్రూపులోకి వెళ్ళిపోయింది.

క్రిస్టీనా సామాన్లు సర్దుకునేసరికి మళ్ళీ టీ వచ్చింది. ఈసారి మూడూ స్టీలు గ్లాసులే. క్రిస్టీనా నెమ్మదిగా, చివరి గుక్క దాకా తాగింది.

బాలు గేటు దాకా వచ్చాడు. "ఇది ఎన్నాళ్ళొస్తుంది?"

"నాలుగేళ్ళు."

"అంటే నాలుగేళ్ళ దాకా మీ షాపుకి రావడానికి నాకు కారణం లేదు."

"ఇదివరకు మాత్రం ఉందా?" స్కూటీ స్టాండు తీస్తూ అంది. "మీ ఊరి మెకానిక్కుతో పంపిస్తే సరిపోయేది. మూడుసార్లూ మీరే మోశారు."

"కనిపెట్టారా?"

"కొన్నిటికి మీటరు అక్కర్లేదు."

బాలు చెవుల దాకా ఎర్రబడ్డాడు. మిరపకాయల మీదికి నెట్టడానికి లేదు, చేతులు కడుక్కుని గంట దాటింది. "పోట్లాడటానికి నాకు మీరే కావాలండీ. పోట్లాట అయ్యాక కూర్చుని మాట్లాడుకోడానికి కూడా మీరే."

"నాకూ అంతే," అంది క్రిస్టీనా సూటిగా. "కానీ మీ ఇల్లు, మా ఇల్లు. పేపరు గ్లాసు నుంచి స్టీలు గ్లాసుకి రావడానికే ఇవాళ ఒక వాన పట్టింది."

"వానలు ఇంకా ఉన్నాయి," అన్నాడు బాలు.

* * *

శుక్రవారం మేనేజరు వచ్చాడు. గుమ్మడికాయ కథ రెండుసార్లు చెప్పించుకుని, నవ్వుకుంటూ వెళ్ళాడు. బోర్డు అలాగే ఉంది.

ఆ సాయంత్రమే క్రిస్టీనా తండ్రికి అంతా చెప్పింది. ఇమ్మానియేలు "వాళ్ళమ్మ ఏమంటుంది?" అని మాత్రం అడిగాడు.

"తెలీదు నాన్నా."

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి తండ్రి ఇంకా బైబిలు బల్ల మీద పెట్టకముందే, షాపు వెనక ఇంటి ముందు తెల్లకారు ఆగింది. బాలు దిగాడు. రెండో వైపు నుంచి కోటేశ్వరి దిగింది, పట్టుచీరలో.

కూర్చోగానే బొడ్డున దోపుకున్న చిన్న ఎర్రగుడ్డ మూట విప్పి తాళం బల్ల మీద పెట్టింది.

"దీన్ని మా ఇంట్లో ఎక్కడ పెట్టినా కారుకి దగ్గరే అనిపిస్తోందండీ. నమ్మకమైన చోటు ఇంకెక్కడా తోచలేదు. మీ అమ్మాయి దగ్గర ఉంచండి."

ఇమ్మానియేలు కూతురి వంక, బాలు వంక చూశాడు. "మరి మీకు అవసరమైతే ఎలాగమ్మా?"

"అవసరమైతే అమ్మాయే తీసుకుని వస్తుంది. వచ్చాక అక్కడే ఉంటుంది, మీకిష్టమైతే."

ఇమ్మానియేలు చేతిలోని బైబిలు బల్ల మీద పెట్టాడు. ఎవరికి ఏది ఎందులో ఇవ్వాలో జీవితమంతా చూసుకుని నడిచిన మనిషి ఆయన. "క్రిస్టీనా, ఎదురుగా కొట్లో టీ చెప్పమ్మా. పేపరు గ్లాసుల్లో తెమ్మను."

"బయటి టీ నాకు పడదండీ," అంది కోటేశ్వరి. "మీ ఇంట్లో కాచిందే ఇప్పించండి. మీరు తాగే గ్లాసుల్లోనే."

క్రిస్టీనా తాళం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది. నాలుగు గ్లాసులు కడిగింది. తాళం చెంగుకి తుడిచి టీపొడి డబ్బా పక్కన పెట్టింది.

గుమ్మంలో బాలు. "కారు కిటికీ అవతలే ఉంది. తాళం ఇంకొంచెం దూరంగా పెట్టాలేమో."

ఆమె కిటికీలోంచి కారుని చూసింది. తర్వాత అతన్ని.

"టీ తాగేదాకా మేలుకునుండనీండి," అంది. "ఇవాళ ఏమీ కాదు."