శనివారపు మౌనం

బుధవారం పొద్దున్నే కుప్పమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుండగా కబురు వచ్చింది. పుత్తూరు నుంచి పెళ్ళికూతురి తండ్రి మునిరామయ్య మధ్యాహ్నం బస్సుకు బంగారుపాళ్యం వస్తున్నాడట, లగ్నం ఖాయం చేసుకోవడానికి. ఆమె ముగ్గు సగంలోనే ఆపి లేచింది. శనివారమే రమ్మని ఎన్నిసార్లు చెప్పి పంపింది! పెట్రోలు దొరకని యుద్ధం రోజులు, బొగ్గుతో నడిచే ఆ బస్సు సగం దారిలో ఆగిపోతే బాగుండునని కూడా అనుకుంది.

శనివారం సంగతి ఏమిటంటే, కొడుకు గోవిందుకు నత్తి. మొదటిసారి ఒక శనివారం మునిరామయ్య ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు, మావాడు శనివారాల్లో కొండమీది స్వామికి మౌనవ్రతం పాటిస్తాడని కుప్పమ్మ తడుముకోకుండా చెప్పేసింది. గోవిందు తల వంచుకు కూర్చున్నాడు. ఈ కాలంలో ఇంత భక్తిగల పిల్లవాడా అని ఆ పెద్దమనిషి మురిసిపోయి వెళ్ళాడు. ఆడితే ఆడింది అబద్ధం, దానికి దేవుణ్ణి కూడా తోడు తెచ్చుకుంది మహాతల్లి.

అయినా ఆమెను తిట్టడానికి మనసొప్పదు. భర్త పోయాక ఒంటిచేత్తో పెంచుకున్న బిడ్డ. బడిలో పాఠం అప్పజెప్పలేక మాట తట్టుకుంటే, అయ్యవారు అరచేతులు వాచేట్టు కొట్టాడు. ఆ రోజు నుంచి వాడి మాటలన్నీ ఆమే మాట్లాడింది. వాడు మొదలుపెట్టిన మాటను వాడికంటే ముందే ముగించేది. పెద్దవాడై మామిడి మండీకి పోతుంటే నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది. అక్కడ బేరమంతా తువ్వాలు చాటున వేళ్ళు పట్టుకుని చేస్తారు, నోటితో పనిలేదు.

"పెండ్లి దాకా మౌనదీక్ష పట్టినాడని చెప్తా. నువ్వు తల ఊపు, సాలు" అంది లోపలికి వచ్చి.

"వ... వద్దమ్మా. నేనే చెప్తా."

"నలుగురిలో నవ్వులపాలు కావల్లనా? ఈ సంబంధం పోతే నీకు పిల్లను ఎవరిస్తారురా?"

"పెండ్లి అయినంక ఆ పిల్లతో శ... శ..."

"శనివారం మాదిరే ఉండాల్నా అంటావు. తెలుసులే" అని ఆమే పూర్తి చేసింది.

గోవిందు కళ్ళు ఎర్రబడ్డాయి. ఈ ఏడు మామిడి కాపు మొదలైనప్పటి నుంచి మండీలో తాను తువ్వాలు కప్పడం లేదని, నోటితోనే బేరం చేస్తున్నానని అప్పుడు చెప్పాడు. నాకు నత్తి, కొంచెం నిలబడండి అని ముందే చెప్పేస్తున్నాడట. మొదట్లో నవ్వారట, ఇప్పుడు నిలబడుతున్నారట. అదంతా ఆగి ఆగి చెప్పేసరికి పొయ్యిమీద సంగటి అడుగంటింది. కుప్పమ్మకు గర్వం కలగలేదు, భయం వేసింది. బిడ్డ తనకు తెలియకుండా ఎన్ని నవ్వులు భరించాడో అనుకుంది.

మునిరామయ్య రానే వచ్చాడు. చల్లటి మజ్జిగ తాగి, మీసం తుడుచుకున్నాడు.

"ఈ పొద్దు బుధవారమే గదప్పా. నీ నోటిమాట విందామనే వచ్చినా."

కుప్పమ్మ గబగబా అందుకుంది. "మావాడు పెండ్లి దాకా..."

గోవిందు చెయ్యెత్తి ఆపాడు. "మా... మామా, నాకు నత్తి. చిన్నప్పటి నుంచి ఉండాది. వ్రతమూ లేదు, ఏమీ లేదు. ఆ పొద్దు త... తల వంచుకుని కూసున్నా. తప్పు నాది గూడా."

మునిరామయ్య చెంబు కింద పెట్టాడు. "స్వామి పేరు చెప్పి నన్ను మోసం చేసినారా?" అన్నాడు నెమ్మదిగా. అరిచి ఉంటే మేలనిపించింది కుప్పమ్మకు. పాపమంతా తనదే, బిడ్డనేమీ అనవద్దని చేతులు జోడించింది. ఆయన ఉత్తరీయం భుజాన వేసుకుని లేచాడు.

"ఒక్క మాట మామా" అన్నాడు గోవిందు. "నత్తి పూ... పూర్తిగా పోతాదని చెప్పను. రోజూ నలుగురితో మాట్లాడతాండా. ముందుకన్నా మేలు. ఆ పిల్లకు ని... నిజం చెప్పండి. వద్దంటే నాకు కోపం లేదు."

ఆ నాలుగు మాటలకు చాలాసేపు పట్టింది. మునిరామయ్య ఒక కాలు చెప్పులో పెట్టి, అలాగే నిలబడి విన్నాడు.

"ఇది నేను చెప్పేది కాదు. నువ్వే వచ్చి నా కూతురికి చెప్పు. అది సరే అంటేనే లగ్నం" అన్నాడు కడకు. "ఎప్పుడొస్తావు?"

"శ..." అన్నాడు గోవిందు. "శ... శ..."

మాట కుప్పమ్మ నాలుక చివరే ఉంది. నోరు తెరిచింది. అప్పుడు కొడుకు ముఖం చూసింది. అక్కడ భయం లేదు. వాడు మాట కోసం ఓపిగ్గా తడుముకుంటున్నాడు, అంతే. ఇన్నేళ్ళూ ఆ ఓపిక లేనిది తనకేనని ఆమెకు అప్పుడు తెలిసింది. పైట చెంగు నోటికి గట్టిగా అదుముకుంది. కన్నీళ్ళు ఆ చెంగులోకే కారుతున్నాయి.

ముగ్గురూ అలాగే నిలబడ్డారు.

"శనివారం" అన్నాడు గోవిందు. "శనివారం వస్తా మామా. వచ్చి మాట్లాడతా."