మడికేరి కోడలు

స్నానాల గదిలో వెంకటలక్ష్మమ్మ పీట మీద కూర్చుని, చాచిన కాళ్ళ మీద మనవరాలిని పడుకోబెట్టుకుంది. వేళ్ళకు ఆముదం రాసుకుని పాప ముక్కు దూలం పట్టి పైకి లాగుతోంది. పాప కేర్‌మని ఏడుస్తోంది. గనివాళ్ళ ఇళ్ళ వరసలైన కోరమండల్ లైన్లలో పుట్టిన ప్రతి బిడ్డ ముక్కునూ ఎవరో ఒక అవ్వ ఇలా లాగే ఉంటుంది. అయినా తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మేమ్చాకు ఆ వేళ్ళు తన ముక్కునే నొక్కుతున్నట్టుంది.

“చాలత్తా. ఎర్రగా అయిపోయింది.”

“ఇంగ కొంచెం. ఇప్పుడు లాగితేనే లేస్తాది. పెద్దయినాక ఏడిస్తే వస్తుందా?”

ఒళ్ళు తుడిచాక కాటుక వంతు. కంటి కొస నుంచి చెవి దాకా లాగి గీసింది అత్త. కళ్ళు పెద్దవిగా కనబడాలట. మేమ్చా రోజూ బిడ్డను ఎత్తుకుని, గదిలోకి పోయి, తువ్వాలు కొసతో ఆ గీతను సగం దాకా తుడిచేస్తుంది.

మేమ్చాది మణిపూర్. మాలూరు ఫ్యాక్టరీలో పనికి వచ్చింది. అక్కడ సూపర్‌వైజరు జయరాం. టీ దగ్గర మొదలైన మాటలు రిజిస్టర్ పెళ్ళి దాకా వచ్చాయి. జయరాం ఆమెను ఇంటికి తెచ్చిన రోజు లైనంతా తలుపుల దగ్గరికి వచ్చి చూసింది. వెంకటలక్ష్మమ్మ హారతి పళ్ళెం పట్టుకునే, ఎవరూ అడగకముందే, మా కోడలు కూర్గు పిల్ల, మడికేరి అని అందరికీ వినబడేలా చెప్పేసింది. కూర్గు వాళ్ళు తెల్లగా ఉంటారని లైన్లలో ప్రతివాడికీ తెలుసు. మడికేరి ఎలా ఉంటుందో చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె మేమ్చా. వీధిలో మీనా.

ఫ్యాక్టరీకి పోయొచ్చే రైల్లో ఆమెకు ఇంకా చాలా పేర్లున్నాయి. నేపాలీ, చైనా, చింకీ. ఒకసారి కాలేజీ కుర్రాళ్ళు కొరియానా అని అడిగి ఫోటో తీసుకోబోయారు. ఇంకోసారి ఒక పెద్దాయన, మీ ఊళ్ళో కుక్కను ఎలా వండుతారని చాలా మర్యాదగా అడిగాడు. దిగాల్సిన ఊరిగాం వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగితే అయిపోతుంది. మడికేరి అన్న పేరు నుంచి దిగే స్టేషన్ లేదు.

ఆ రోజు గంగమ్మ జాతర. బియ్యప్పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, మధ్యలో గుంట నొక్కి నెయ్యి పోసి వత్తి వెలిగిస్తారు. దాన్ని తంబిట్టు దీపం అంటారు. ప్రతి ఇంటి కోడలూ తన ఇంటి దీపం నెత్తిన పెట్టుకుని గుడికి పోవాలి. అమ్మ ముందు దించేటప్పుడు పూజారి పాపన్న, ఏ ఊరి ఆడబిడ్డవని అడుగుతాడు. కోడలు పుట్టినూరు చెబుతుంది. ఆ ఊరు చల్లగా ఉండాలని జనమంతా ఒక్క గొంతుతో అంటారు. మెట్టినింటికి వెలుగు, పుట్టినూరికి దీవెన. పోయినేడు మేమ్చా, అత్త చెవిలో చెప్పిన మాటే చెప్పింది. మడికేరి చల్లగా ఉండాలని వందమంది అన్నారు. ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. తన ఊరికి అందాల్సింది ఎవరి ఊరికో పోయింది.

ఈసారి అలా జరగదు. ఈసారి ఇమా వస్తోంది. ఇమా అంటే వాళ్ళ భాషలో అమ్మ. తమ ఊరు థౌబాల్ బజారులో కూరగాయలు అమ్మే మనిషి, మనవరాలిని చూడటానికి మూడు రైళ్ళు మారి వస్తోంది. ఇమా ముందు నిలబడి తన ఊరు మడికేరి అని చెప్పడం మేమ్చా వల్ల కాదు. ఈ మాట మొగుడితో చెప్పింది. చూద్దాంలే అన్నాడు. అత్తతో చెప్పింది. అత్త వినబడనట్టు బెల్లం దంచుతూ కూర్చుంది.

పొద్దెక్కాక జయరాం ఆటోలో ఇమాను తెచ్చాడు. చారల ఫనెక్ కట్టుకుని, భుజాన తెల్లటి పల్చని వస్త్రం వేసుకుని, చేతిలో పెద్ద సంచితో ఇమా దిగింది. లుంగీలా చుట్టే ఆ కట్టును వీధిలో ఆడవాళ్ళందరూ కళ్ళు విప్పి చూశారు. ఇమా అందరికీ నవ్వుతూ దండం పెట్టింది.

ఎదురింటి సొన్నమ్మ అప్పటికే గడప దిగింది. “ఎవురక్కా ఈమె? నేపాలమ్మ మాదిరి ఉండాదే?”

మేమ్చా నోరు తెరిచేలోపే వెంకటలక్ష్మమ్మ గొంతు వచ్చింది. “పాపను చూసుకునేదానికి పిలిపించినాము. పనామె.”

“అట్లనా. మాకూ ఒకామెను చూసిపెట్టమని చెప్పక్కా. వీళ్ళు బాగా చేస్తారంట.”

ఇమాకు తెలుగు రాదు. తన గురించే మంచి మాట ఏదో అంటున్నారనుకుని ఇద్దరికీ మళ్ళీ దండం పెట్టింది. తర్వాత కూతురి వైపు తిరిగి, మీ అత్త ఏమందని అడిగింది.

“నువ్వు నా అమ్మవని చెప్పింది” అంది మేమ్చా. తన నోటి నుంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

ఇమా మొహం వికసించింది. పాపను అందుకుని, చిట్టి ముక్కు మీద ముద్దు పెట్టి, అచ్చం మా అమ్మ ముక్కే అని మురిసిపోయింది. తర్వాత ప్రయాణం బడలికతో గదిలో నడుం వాల్చింది.

మేమ్చా వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. వెంకటలక్ష్మమ్మ తంబిట్టు ముద్ద చేస్తోంది. తల ఎత్తలేదు.

“మా అమ్మ పనామెనా అత్తా?”

“నోటికి వచ్చేసింది. ఈ ఒక్క దినం గడవనీ. జాతర అయినాక నిదానంగా చెప్పుకుందాం.”

“పోయినేడు కూడా ఒక్క దినమే అన్నావు. నన్ను మడికేరి చేసినావు, ఊరుకున్నాను. ఇప్పుడు మా అమ్మను పనిమనిషిని చేసినావు. రేపు ఈ బిడ్డను ఏం చేస్తావు?”

అత్త చేయి ఆగింది. “నీకేం తెలుసు ఈ లైన్ల సంగతి. ఇక్కడ ఒక పేరు పెట్టినారంటే కాష్టానికి పోయినా పోదు. మెల్లకన్ను సుబ్బడు చచ్చి పదేండ్లయింది, ఇంగా వాని మనవణ్ణి మెల్లకన్నోడనే పిలుస్తారు. రేపు ఇది బడికి పోతే చింకీ అంటారు. కూర్గంటే పెద్దింటి పిల్ల అని నోరు మూసుకుంటారు. నీ మంచికే చెప్పినాను. ఆ ముక్కు లాగేది కూడా దాని మంచికే.”

“రైల్లో వాళ్ళు నన్ను ఏమేమో అంటారు. వాళ్ళకు నేనెవరో తెలీదు. నీకు తెలుసు. అన్నీ తెలిసీ నన్ను తుడిచేసినావు. వాళ్ళే నయం అత్తా.”

వెంకటలక్ష్మమ్మకు దెబ్బ తగిలింది. గొంతు పెంచింది. ఇప్పుడు మణిపూర్ అని చెబితే, పోయినేడు గంగమ్మ ముందర నిలబడి అబద్ధమాడిన ఇల్లని ఊరంతా ఉమ్మేయదా అని అడిగింది. అసలు భయం అదేనని మేమ్చాకు అప్పుడు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గలేదు.

అరుపులు విని జయరాం వచ్చాడు. తల్లి మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు, ఇద్దరికీ మధ్య ఉన్న గోడను చూస్తూ, ఈ పూటకు సర్దుకోమన్నాడు. వరండాలో మామ శ్రీనివాసప్ప దగ్గి, కండువా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. గనిలో మందు పేలే ముందు మనుషులు పక్కకు తప్పుకోవాలి. రిటైరై ఇన్నేళ్ళయినా మామగారికి ఇంట్లో ఆ అలవాటు పోలేదు.

“నేను దీపం ఎత్తను” అంది మేమ్చా. “కోడలెందుకు రాలేదని అడుగుతారు. దానికీ ఏదో ఒకటి చెప్పుకో. నీకు అలవాటే కదా.”

జయరాం ఆ మాటకు నొచ్చుకున్నాడు. మేమ్చా గదిలోకి వచ్చింది. మంచం ఖాళీగా ఉంది. పాప ఒక్కతే నిద్రపోతోంది. ఇమా లేదు.

వీధి కొళాయి దగ్గర నవ్వులు వినిపించాయి. మేమ్చా గడప దాకా వచ్చి ఆగిపోయింది.

సొన్నమ్మ ఇంటికి జాతర చుట్టాలొచ్చారు. వాళ్ళు తిన్న కంచాలు, అడుగంటిన పాయసం గిన్నె కొళాయి కింద కుప్పగా ఉన్నాయి. ఇమా ఫనెక్ మోకాళ్ళ దాకా ఎగదోపుకుని గొంతు కూర్చుని, పీచుతో ఆ గిన్నె తోముతోంది. సొన్నమ్మ గట్టు మీద కూర్చుని, అడుగున ఇంగా ఉండాది చూడమ్మా అని వేలితో చూపిస్తోంది. ఇమా తల ఊపి ఇంకా గట్టిగా తోముతోంది. వాళ్ళ ఊళ్ళో పండగంటే ఆడవాళ్ళంతా కలిసి గిన్నెలు కడుక్కుంటారు. పెద్దావిడ పిలిచి చూపించింది, వియ్యాలవారి వీధి కదా అని చేయి వేసింది.

పక్కనుంచి ఎవరో గడపలో ఉన్న మేమ్చాను తోసుకుంటూ పోయారు. వెంకటలక్ష్మమ్మ.

ఆమె ఇంట్లో వియ్యపురాలు కాలు పెడితే కాళ్ళకు నీళ్ళిస్తారు. తను తిన్న ఆకు కూడా తీయనివ్వరు. ఆడపిల్లనిచ్చిన తల్లి చేత ఎంగిలి కంచం ముట్టించిన ఇల్లని పేరొస్తే ఏడు తరాలు తలెత్తుకోలేరని వెంకటలక్ష్మమ్మకు వాళ్ళ అత్త నేర్పింది. ఇప్పుడు ఆ తల్లి ముట్టింది తమ ఎంగిలి కూడా కాదు, ఎదురింటి చుట్టాలది. ముట్టించింది ఎవరో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆమె వంగి ఇమా చేతిలో గిన్నె లాక్కుంది. పిండి అంటిన తన చేతులతోనే ఇమా చేతుల మసి కడిగింది. కొళాయి దగ్గర నవ్వులు ఆగిపోయాయి.

“ఏమక్కా, మీ పనామెను నేనేం అన్లేదే” అంది సొన్నమ్మ.

“పనామె కాదు. మా వియ్యపురాలు. నా కోడలిని కన్న తల్లి. వాళ్ళది మణిపూర్. మడికేరి అని చెప్పింది నేను. పాపం నాది.”

“మణిపూరా? అది చైనా పక్కన కదక్కా?”

“మన రైలే పోతాది ఆ పక్కకు. నోరు మూసుకుని నీ గిన్నెలు నువ్వు తోముకో.”

ఇంట్లోకి తెచ్చి ఇమాను కుర్చీలో కూర్చోబెట్టింది వెంకటలక్ష్మమ్మ. తను కింద కూర్చుని చెంబుతో ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోసింది. ఇమా కంగారుగా కాళ్ళు వెనక్కి లాక్కుంది.

“మేమ్చా, మీ అమ్మకు చెప్పు. పొద్దున నేనేమన్నానో అట్లనే చెప్పు. తీపి కలపొద్దు.”

మేమ్చా చెప్పింది. పనామె అన్న మాటను కూడా ఉన్నదున్నట్టే తన భాషలోకి తిప్పింది. పొద్దున తను మార్చి చెప్పానని కూడా చెప్పింది. ఇమా తడి కాళ్ళ వైపు చూసుకుంటూ మెల్లగా మాట్లాడింది. ఆ మాటలు వింటూ మేమ్చా మొహం తెల్లబోయింది.

“ఏమంటాది?” అత్త భయంగా అడిగింది.

ఇమా కూతురి మోచేయి తట్టింది, చెప్పమన్నట్టు.

“బయటివాళ్ళను మా ఊళ్ళో మయాంగ్ అంటారు. మంచి మాట కాదు. కూతురు మయాంగును, అందులోనూ నల్లవాణ్ణి చేసుకుందని మా అమ్మ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదంట. నాకింకా పెళ్ళే కాలేదని, బెంగుళూరులో ఉద్యోగమని చెప్పుకుంటోందంట. మా పెళ్ళి ఫోటో బట్టల కింద దాచిపెట్టిందంట. ఇక్కడికి వచ్చేటప్పుడు కూడా గుడికి పోతున్నానని చెప్పి వచ్చిందంట.”

గుమ్మంలో జయరాం వింటున్నాడు. తలుపు చెక్క పట్టుకున్న తన చేతి రంగు వైపు ఒకసారి చూసుకున్నాడు.

వెంకటలక్ష్మమ్మ కళ్ళు తుడుచుకుంది. కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు. ఇమా మోకాలు మీద చేయి వేసి, తల అడ్డంగా ఊపుతూ ఉండిపోయింది. ఇద్దరు తల్లులూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. వాళ్ళిద్దరికీ ఇప్పుడు మధ్యలో మేమ్చా మాట అవసరం లేదు.

మేమ్చాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. అక్కడ తనకు మొగుడు లేడు. ఇక్కడ తనకు తల్లి లేదు. ఇద్దరూ ప్రేమతోనే చేశారు.

“ఇద్దరూ వినండి” అంది తెలుగులో, తర్వాత అదే మాట మణిపురిలో. “నేను ఎవరి మంచికోసమూ ఇంకొకరిని కాను. నా బిడ్డ కూడా కాదు. దీపం ఎత్తుతాను. ఊరి పేరు నేనే చెబుతాను. ఇంటికి పోయినాక, ఇమా, నువ్వు ఆ ఫోటో గోడకు తగిలించు.”

సాయంత్రం గుడి ముందు దీపాల వరస కట్టారు. మేమ్చా వంతు వచ్చింది. వెనకాల అత్త, పాపను ఎత్తుకున్న ఇమా, ఇంకా వెనకాల జయరాం. కొళాయి దగ్గర మాట అప్పటికే లైన్లన్నీ చుట్టేసింది. జనం గుసగుసలాడుతున్నారు.

“ఏ ఊరి ఆడబిడ్డవమ్మా?” పాపన్న అడిగాడు.

“మణిపూర్. థౌబాల్.”

పాపన్న నొసలు ముడిపడింది. పోయినేడు ఇంకేదో చెప్పినట్టుందే అన్నాడు. వెంకటలక్ష్మమ్మ కొంగు నడుముకు దోపి ముందుకొచ్చింది. చెప్పించింది తనేనని, తప్పు దండగ ఏదైనా తన మీదే వేయమని, కోడలు తలెత్తుకునే నిలబడాలని గట్టిగా చెప్పింది. వెనక ఎవరో చప్పరించారు. మేమ్చా నెత్తి మీద నెయ్యి వేడి తగులుతోంది. మెడ వంచలేదు.

చివరికి పాపన్న గంట తీశాడు. “అమ్మకు అన్ని ఊర్లూ ఒకటే. దించమ్మా.”

దీపం దించింది. తర్వాత వెంకటలక్ష్మమ్మ ఒక్కతే, బొంగురు గొంతుతో, థౌబాల్ చల్లగా ఉండాల అంది. జయరాం కలిశాడు. ఎక్కణ్ణుంచో దగ్గుతూ శ్రీనివాసప్ప కలిశాడు. తర్వాత ఒకరొకరుగా, సగం మందికి నోరు తిరక్కపోయినా, జనమంతా అన్నారు. సొన్నమ్మ అందో లేదో మేమ్చా చూడలేదు.

తన ఊరి పేరు అంతమంది నోట విని ఇమా బెదిరిపోయింది. కూతురి చేయి పట్టుకుని, ఏమంటున్నారు వీళ్ళని అడిగింది.

మేమ్చా చెప్పబోయింది. కన్నీళ్ళు అడ్డొచ్చి మాట తెగింది. ముక్కు ఎగబీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

“మన ఊరు చల్లగా ఉండాలంటున్నారు, ఇమా.”

అందులో ఆమె ఒక్క మాట కూడా మార్చలేదు.