మధ్యగోడ తీసేశాక

ఆ ఉదయం కోడలు మెట్లు దిగి వచ్చేసరికి అత్తగారు హాలు మధ్యలో, గాలిలోకి ఒక చెయ్యి చాపి నిలబడి ఉంది. రెండో చేతిలో టీ కప్పు.

"ఏంటత్తయ్యా, అక్కడే ఆగిపోయారు?"

"ఏం లేదు. గాలి బాగా వస్తోందని."

కిటికీలన్నిటికీ తెల్ల ప్లాస్టిక్ పట్టాలు బిగించి ఉన్నాయి. గాలి చొరబడే సందే లేదు. కోడలికి ఏమీ అర్థం కాలేదు.

నగరం నడిబొడ్డున, అటూ ఇటూ పక్కిళ్ళను ఆనుకుని, అగ్గిపెట్టె నిలబెట్టినట్టు సన్నగా లేచిన పాతకాలపు మూడంతస్తుల ఇల్లు అది. వీధివైపు చెక్కడపు పని ముట్టుకోకూడదని ఆంక్ష ఉంది. లోపల మాత్రం ఎలాగైనా మార్చుకోవచ్చు. కోడలు ఆర్కిటెక్టు. అందరి ఇళ్ళకూ వెలుతురు తెచ్చి సొంత ఇంటిని చీకటికొట్టులా ఉంచుకుందన్న మాట పడలేక ఈ ఏడు పని మొదలుపెట్టింది. వంటింటికీ హాలుకీ మధ్యగోడ కిందటివారమే పడగొట్టించింది. అంతకుముందు ప్లాను చూపిస్తే, అత్తగారు కాగితం చేతుల్లోకి తీసుకుని, "భేషుగ్గా ఉంది, కానియ్యి" అంది కూడా.

అలాంటి మనిషి గోడ పోయిన మర్నాటినుంచీ మారిపోయింది. పాలగిన్నె తెచ్చి, స్టవ్వు మీద కాక, ఇసుకబస్తా మీద పెట్టింది. వడ్రంగి ఎదురైతే కొడుకనుకుని, "స్నానం చేశావా?" అని అడిగింది. అతను మర్యాదస్తుడు, "చేశానమ్మా" అన్నాడు. పోనీ మతిమరుపా అంటే, ఏనాటి సంగతైనా పూసగుచ్చినట్టు చెబుతుంది. రేడియోలో వార్తలు తప్పుగా చదివితే చదివేవాళ్ళను దులిపేస్తుంది. కోడలికి ఎటూ పాలుపోలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్త నసుగుతూ బయటపెట్టాడు. "అమ్మా, పని అయ్యేదాకా అక్కవాళ్ళింట్లో ఉండకూడదూ? ఒకసారి డాక్టరుకి కూడా చూపిద్దాం."

"నాకేం రోగం? నేనెక్కడికీ పోను. ముందు ఆ గోడ కట్టించండి."

"కానియ్యమన్నది మీరే కదత్తయ్యా," అంది కోడలు.

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను."

"ప్లాను చూసి బాగుందన్నారు. ఇప్పుడిలా అంటే నేనేం చెయ్యను? మీ మనసులో ఏముందో చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

"ఏమీ లేదు. అందరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చెయ్యకండి."

విసురుగా లేచి మెట్లవైపు తిరిగింది. పైకప్పుకి ఆసరాగా నిలబెట్టిన ఇనపస్తంభం ఠంగుమని నుదుటికి తగిలింది. కోడలు పరుగెత్తి పట్టుకుంది.

"అయ్యో, చూసుకోరా అత్తయ్యా? దూరంనుంచే కనబడాలని ఎర్రరంగు కూడా పూయించానే."

అత్తగారు స్తంభాన్ని తడిమింది. "ఎర్రరంగా?" అంది మెల్లగా.

ఆ ఒక్క మాటకి కోడలు ఆవిడ మొహంలోకి వంగి చూసింది. ప్లాను చేతికిచ్చిన రోజు గుర్తొచ్చింది. "ఆ రోజు మీకేం కనిపించిందత్తయ్యా?"

"తెల్లగా కనిపించింది. అంతే."

ముందు పక్కచూపు పోయిందట, తరవాత మధ్యలో మంచు కమ్మినట్టయిందట. "గోడ పట్టుకుని నడిస్తే చివర గడప, గడప పక్కన స్టవ్వు. ఈ ఇంట్లో నాకు కళ్ళతో పనేముంది? చెబితే కూర్చోబెడతారని చెప్పలేదు. మా అమ్మకీ చూపు పోతే మా అన్నయ్యలు అలాగే కూర్చోబెట్టారు. పడిపోతావమ్మా, కదలకమ్మా అని. ప్రేమతోనే."

కొడుకు పక్కన చతికిలబడ్డాడు. "మరి రోజూ నన్ను చూసి, చిక్కిపోయావురా అంటావే?"

"చూడాలేమిటి? నువ్వెప్పుడూ చిక్కిపోయే ఉంటావు."

అతను నవ్వాడు. నవ్వుతూనే తల్లి నుదుటి మీద బొప్పిని అరచేత్తో అదిమాడు.

"రేపే గోడ కట్టించేస్తానత్తయ్యా," అంది కోడలు. ఆవిడ కళ్ళను తనే చేజేతులా పడగొట్టించినట్టనిపించింది ఆమెకు.

"ఉండవే. గోడ పోయాక పొద్దుటిపూట మొహానికి ఏదో తెల్లగా తగులుతోంది. ఎన్నాళ్ళయిందో అలా తగిలి. అదీ కావాలి, గోడా కావాలి. ఏం కావాలో నాకే తెలియట్లేదు."

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. పోయిన చూపు రాదని, ఉన్నది నిలబెట్టుకోవచ్చని చుక్కలమందు రాశాడు. గోడ కట్టడమా, అలాగే వదిలెయ్యడమా, ఏది మంచిదో కోడలికి అప్పటికీ తేలలేదు. ప్లాను ముందేసుకుని గీసింది, చెరిపింది. ఆఖరికి నడుమెత్తున చిన్న గోడ ఒకటి గీసి, గీసిందాన్ని చూపించడం ఎలాగో తోచక, అత్తగారిని చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చింది.

"మీరు నడవండి. మీ చెయ్యి ఎక్కడ ఆనాలనుకుంటుందో అక్కడ కడదాం."

అత్తగారు గాలిలో చెయ్యి ఆనిస్తూ వంటింటివైపు నడిచింది. కోడలు సుద్దముక్కతో వెనకాలే నేలమీద గీత గీస్తూ వంగి నడిచింది. చివరికొచ్చేసరికి గీత పక్కకి ఒరిగింది.

"కొంచెం వంకరొచ్చిందత్తయ్యా. సరిచెయ్యనా?"

"ఉండనీవే. నేనేమైనా చూడొచ్చానా?"

కోడలు నవ్వుతూనే నేలమీద కూలబడింది. వచ్చేది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. అత్తగారు తడుముకుంటూ వచ్చి, ఆమె భుజం ఆసరా చేసుకుని, మెల్లగా పక్కనే కూర్చుంది.