ఎర్ర షీటు మీద ఆఖరి టెస్టు

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ పక్క సందులో ఉన్న రేడియం షాపులోకి గౌరి అడుగుపెట్టేసరికి, ఉమాశంకర్ ఒక ఆటో అద్దానికి స్టిక్కర్ అంటిస్తున్నాడు. చేతులు ఖాళీ లేక ఇంకో స్టిక్కర్ ముక్కని పెదాల మధ్య పట్టుకున్నాడు.

"నంబరు ప్లేటా అండీ?" అన్నాడు ఆ ముక్క సందులోంచే.

గౌరి తల అడ్డంగా ఊపింది.

"బండి మీద దేవుడి బొమ్మా?"

మళ్ళీ అడ్డంగానే.

"మరేటండీ? సెప్పకపోతే నాకెలా తెలుస్తాది?"

గౌరి వేలు చాపి, అరమీదున్న చిన్న కటింగ్ మిషన్‌ని చూపించింది.

డిగ్రీ రెండో ఏడు చదువుతున్న గౌరికి ఒకటే సరదా. రంగు స్టిక్కర్ షీటు మీద పేర్లు రాసి, బ్లేడుతో కోసి, తమ ఊళ్ళో సైకిళ్ళకీ తలుపులకీ పడవలకీ అంటించడం. పేర్లు అందంగానే వచ్చేవి. వేళ్ళకే ఎప్పుడూ ప్లాస్టర్లు. సముద్రం మీద వేటకెళ్ళే నాన్న దాలయ్య ఆ వేళ్ళు చూసి, "ఓ మిషన్ కొనీసుకోవే, సూళ్ళేకపోతన్నాను" అని డబ్బు చేతిలో పెట్టాడు.

ఉమాశంకర్ నోట్లో ముక్క తీసి పకపకా నవ్వాడు.

"అదాండీ? అది పుట్టినరోజు కార్డులకి. దాంతో పడవ పేరు కొయ్యాలంటే ఒక్కో అక్షరమే కొయ్యాల. పేరు పూర్తయ్యేటప్పటికి పడవ ముసలిదైపోతాది. ఇదిగో, ఈ రెండడుగుల ప్లాటర్ తీసుకోండి."

కిటికీ పక్కన నాలుగు కాళ్ళ స్టాండు మీద పెద్ద మిషన్ దర్జాగా నిలబడి ఉంది.

గౌరికి ఒళ్ళు మండింది. మండినప్పుడు మాత్రమే ఆమెకి మాటలు వస్తాయి.

"దాన్ని మా ఇంట్లో పెడితే, మేమంతా బయట పడుకోవాలి."

ఉమాశంకర్ నవ్వు ఆగిపోయింది. ఆమెవైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. అప్పుడే బయట వాన మొదలైంది. గొడుగు లేదు కాబట్టి గౌరి వెళ్ళడానికి లేదు.

"అయితే రెండూ టెస్ట్ సేద్దారండి," అన్నాడు అతను మెత్తగా. "శనివారం శనివారం రండి. తొందరేటి?"

అలా మొదలైంది.

ఒక శనివారం చిన్న మిషన్ ఒత్తుల దగ్గర మలుపు తిరగలేక షీటుని చింపేసింది. ఇంకో శనివారం పెద్ద మిషన్‌లో పొడుగు షీటు పక్కకి జరిగిపోయి, పడవ పేరు మెట్లెక్కుతున్నట్టు వచ్చింది. ఉమాశంకర్ బోల్టులు బిగించాడు. ఆ తర్వాతి వారానికి పెద్ద మిషన్‌లో ఏ తప్పూ లేదు.

"చప్పుడెక్కువ," అంది గౌరి.

"అవునండి, నాకూ అలాగే అనిపించింది," అన్నాడు అతను వెంటనే.

మళ్ళీ వారం అతనే పెదవి విరిచాడు. "దీని రంగు బాగోలేదండి."

"మిషన్ రంగా?"

"అవునండి. మీకు నప్పదు."

ఇంటికెళ్ళే బస్సులో ఆ మాట తలుచుకుని గౌరి కిటికీవైపు తిరిగి నవ్వుకుంది. నవ్వుతూనే గతుక్కుమంది. మిషన్ కావాలి, నిజమే. కానీ అది కొనేస్తే ఆ షాపుకి మళ్ళీ ఏ వంక పెట్టుకుని వెళ్తుంది? అతనికి తను ఒట్టి కస్టమరేనేమో!

దాలయ్యకి ఓపిక అయిపోయింది. "పెళ్ళి సంబంధాలకి కూడా ఇన్నిసార్లు ఎల్లరే! ఇంకో రెండు శనివారాల్లో తేల్చకపోతే ఆ డబ్బుతో వల కొనెస్తాను."

ఆ సంగతి గౌరి షాపులో చెప్పింది. "వచ్చేవారమే ఆఖరు."

ఉమాశంకర్ స్టూలు అటు తిప్పుకున్నాడు. ఆమెకి వీపు పెట్టి కూర్చుని కంప్యూటర్‌లో ఏదో కొట్టాడు. పెద్ద మిషన్ కీచుమంటూ ఒక ఎర్ర షీటుని ముందుకీ వెనక్కీ లాగింది. అతను దాన్ని చుట్టచుట్టి ఇచ్చాడు.

"ఆఖరి టెస్టండి. ఇంటికెళ్ళి అక్కర్లేని రంగంతా పీకెయ్యండి. అప్పుడు తెలుస్తాది."

"ఏం తెలుస్తుంది?"

"మిషన్... ఎలాగున్నాదో." అతని చెవులు ఆ షీటు కంటే ఎర్రగా ఉన్నాయి.

మిషన్ రంగు పొరని గీతల వెంట కోసి, కింది తెల్ల కాగితాన్ని వదిలేస్తుంది, అంతే. అక్షరాల చుట్టూ ఉన్న రంగు పీకేదాకా అది ఒట్టి ఎర్ర కాగితంలాగే కనిపిస్తుంది. గౌరికి దాన్ని పీకే ధైర్యం రాలేదు. బాగా వస్తే కొనాలి, చెడితే నాన్న వల కొంటాడు. ఎలాగైనా షాపుకి వెళ్ళడం ఆగిపోతుంది. షీటుని అలాగే ట్రంకుపెట్టె మీద పెట్టి పడుకుంది.

ఆదివారం పొద్దున్న లేచేసరికి ట్రంకుపెట్టె మీద ఎర్ర తుక్కు, రొయ్యల పొట్టులా కుప్పగా ఉంది. షీటు లేదు!

వీధిలోకి పరిగెత్తింది. మామ్మ దేముడమ్మ చేపల పెట్టెతో శ్రీకాకుళం మార్కెట్‌కి ఆటో ఎక్కుతోంది. పెట్టె ముందు, వల దారంతో కట్టి, తెల్ల కాగితం మీద ఎర్రెర్రని అక్షరాలు!

"మామ్మా! అది!"

"నానే ఒలిసీసినానే! రొయ్యల కన్నా సులువు. నా పెట్టెకి బోర్డు ఎంత బాగున్నాదో సూడు!"

దేముడమ్మకి చదవడం రాదు. ఆటో కదిలింది. వెళ్ళిపోతున్న బోర్డులో గౌరికి కనిపించింది ఒకే ఒక్క మాట. తన పేరు.

గౌరి బస్సు దిగి మార్కెట్లోకి వచ్చేసరికి మామ్మ చుట్టూ జాతర. ఒకాయన చేపలు మానేసి గట్టిగా చదువుతున్నాడు.

"గౌరీ, మిషన్ కొన్నాక కూడా రా. నువ్వు రాని శనివారం నాకొద్దు. ఇట్లు, ఉమాశంకర్."

"గౌరెవరే, దేముడమ్మా?" అంది పక్క గంపావిడ.

"నా మనవరాలు. దాని పేరు నీకెలా తెలుసు?"

"మీ గుంటని ఎవడో రమ్మంటన్నాడు మరి!"

"ఎవడాడు?"

సరిగ్గా అప్పుడే, ఇంటికి చేపలు కొందామని సంచి పట్టుకుని ఉమాశంకర్ వచ్చాడు. బోర్డు చూశాడు. సంచి జారిపోయింది.

"ఇడిగో, రేడియం షాపు కుర్రోడు!" అని ఆటో డ్రైవరొకడు భుజం పట్టి ముందుకి తోశాడు. ఇవతల గౌరి ఐసు పెట్టెల వెనక నక్కబోతే, చేపలమ్మే ఆడవాళ్ళు ఇటు తోశారు.

దేముడమ్మ కత్తి పక్కన పెట్టి లేచింది. "ఏటి బాబూ, ఇంత కబురు మిషన్‌తో సెప్పించినావు. నీకు నోరు లేదా?"

"ఉన్నాది మామ్మగారూ. మీ గుంటని సూస్తే పనిసెయ్యదు."

మార్కెట్టంతా గొల్లుమంది. దేముడమ్మ మనవరాలివైపు తిరిగింది. "నీదేటే? అదీ పనిసెయ్యదా?"

గౌరికి మళ్ళీ ఐసు పెట్టెల వెనక్కి పోవాలనిపించింది. అయినా తలెత్తింది.

"పెద్ద మిషనే కొంటాను, మేమంతా బయట పడుకున్నా సరే," అంది.

ఉమాశంకర్ ముఖం వాడిపోయింది. "కొనేస్తారా?"

"కొనేస్తాను. కానీ నడపడం రాదు. ప్రతి శనివారం మీరే మా ఊరొచ్చి నేర్పాలి."

అతని ముఖం వెలిగిపోయింది.

"ఇంటికొచ్చినోణ్ణి ఊరికే పంపుతామేటి? సేపల పులుసు సేస్తాను," అంది దేముడమ్మ.

ఉమాశంకర్ బుర్ర గోక్కున్నాడు. "మామ్మగారూ... శనివారం మేం నీసు తినమండి."

సంబంధం అక్కడే తప్పిపోతుందేమోనని పక్క గంపావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దేముడమ్మ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది.

"అయితే ఆదివారం రా. మార్కెట్టయ్యాక నాతోపాటే ఆటో ఎక్కు. దాలయ్యకి నాను సెప్తాను."

"మరి శనివారం?" అన్నాడు ఉమాశంకర్, గౌరినే చూస్తూ.

"శనివారం నేనొస్తాను," అంది గౌరి. "షీట్లు కొనుక్కోవాలి కదా!"

"వారం వారం ఏటే? ఎన్ని షీట్లు కావాల నీకు?"

"చాలా కావాలి మామ్మా," అంది గౌరి, చేపలవైపు చూస్తూ.