చెప్పకుండా పెట్టిన చెక్క

రాయమల్లు నైట్ షిఫ్టు దిగి క్వార్టరుకు వచ్చేసరికి వరండాలో కూతురి రోబో ప్రయాణానికి సిద్ధంగా ఉంది. లోపల సంధ్యారాణి సంచి సర్దుకుంటోంది. ఇంజనీరింగు ఆఖరి ఏడాది, కాలేజీ తరఫున పోటీకి పోవడం మళ్లీ కుదరదు.

తండ్రీకూతుళ్లకు వారంగా మాటల్లేవు. మగపిల్లలతో కలిసి పట్నం వద్దని ఆయన, పోయి తీరతానని ఆమె. మధ్యలో తల్లి సారక్కకు ఇద్దరి మాటలూ మోసే తపాలా ఉద్యోగం.

"నాయిన చాయ్ తాగుతడేమో అడుగమ్మా."

"బయటనే ఉన్నడు గదనే, నువ్వే అడుగు. మీ ఇద్దరితోని నా నోరు నొస్తుంది!"

రోబోకు అంచుల్లో చిన్న రోలర్లున్న నాలుగు చక్రాలు. వాటితో ఎటంటే అటు, పక్కలకు కూడా జారుతుంది. కానీ పోటీలో ఎదుటి రోబో నెడితే నిలవదు. అందుకే మీట నొక్కగానే లోపలినుంచి రబ్బరు చక్రాలు దిగి నేలను పట్టుకునేలా చేసింది సంధ్య. ఆ ఉపాయం కోసం ఎన్ని నెలలు నిద్ర మానుకుందో సారక్కకు తెలుసు.

రాయమల్లు చెయ్యి తగిలిందో లేదో, రోబో మెట్లవైపు జారింది. ఆయన ఒక్క ఉదుటున పట్టుకుని వెనక్కి లాగాడు. గనిలో చక్రాలకు అడ్డం పెట్టని బొగ్గు టబ్బు పట్టాల మీద జారి మీదికి రావడంతోనే ఆయన తమ్ముడు పోయాడు. అప్పటినుంచి చక్రమున్నది ఏదైనా ఊరికే వదలలేడు. చెక్క ముక్క ఒకటి తెచ్చి, రోబోను జరిపేవి లోపలి రబ్బరు చక్రాలే అనుకుని వాటి సందులో గట్టిగా బిగించాడు. చెబుదామని గడపదాకా పోయి, ముందు బిడ్డే మాట్లాడనీ అనుకుని పడుకున్నాడు.

మూడోనాడు సంధ్య పోటీనుంచి వాచిన కళ్లతో వచ్చి, ఆ చెక్కను తండ్రి ముందు విసిరేసింది.

"బస్సు లేటై చూసుకునే టైం దొరకలే. మీట నొక్కితే చక్రాలు దిగక మోటారు కాలిపోయింది. అవతలోళ్లు మమ్మల్ని బయటికి నూకిండ్రు. నేను ఓడిపోవాలెననే పెట్టినవా నాయినా?"

"అయ్యో, కాదు బిడ్డా! మెట్ల మీదికెల్లి పడుతదని పెట్టిన. టబ్బుకు పెట్టినట్టే పెట్టిన."

"మరి ఒక్క మాట చెప్పకపోతివి?"

రాయమల్లు తల వాలిపోయింది. "పంతం బిడ్డా. నువ్వే ముందుగాల మాట్లాడాలెనని..." కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు.

సంధ్య కోపమంతా నీరుగారిపోయింది. ఆయన పక్కనే కూలబడింది.

"నువ్వు దాంట్ల చెయ్యి పెట్టంగ కిటికీలకెల్లి చూసిన నాయినా. ఏం చేస్తున్నవని అడుగుదామనుకున్న," అంది వెక్కుతూ. "నేను గూడ పంతానికే అడగలే."